ఐటీ కారిడార్ కస్టమర్‌కి ఈమెయిల్ ఎలా రాయాలి? ఒక మామిడి కోత నాకు నేర్పిన పాఠం



జీవామృతం, ఘన జీవామృతం, దేశీ విత్తనాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి పంట పండించడం గురించి కాదు, పండిన పంటను అమ్ముకోవడం గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు ఉండే కస్టమర్‌కి ఈమెయిల్ రాయడం గురించి. పై వీడియోలో నా ఫోన్‌లోనే మెయిల్ తయారు చేసి పంపి చూపించాను. అందులో చెప్పడానికి టైం సరిపోని విషయాలు ఇక్కడ రాస్తున్నాను. రెండూ కలిపి చూసుకోండి.

"మనకెందుకండీ ఈమెయిల్, వాట్సాప్ ఉంది కదా" అని చాలామంది అడుగుతారు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ గ్రూపులో మన మెసేజ్ గుడ్ మార్నింగ్‌ల కింద పడి కొట్టుకుపోతుంది. బ్రాడ్‌కాస్ట్ పెడితే మన నంబర్ సేవ్ చేసుకున్న వాళ్లకే చేరుతుంది. మెయిల్ అట్లా కాదు, ఉన్నచోటే ఉంటుంది. మూడు నెలల తర్వాత ఇంట్లో కందిపప్పు అయిపోతే, కస్టమర్ తన మెయిల్‌లో "కందిపప్పు" అని వెతికితే మన ఉత్తరం దొరుకుతుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన దగ్గర నుంచి ఈ ప్రాంతం పనంతా మెయిల్ మీదే నడుస్తోంది. ఇక్కడి వాళ్లకు మెయిల్ చదవడం, జవాబు రాయడం రోజువారీ అలవాటు. ఆ అలవాటును మనం వాడుకోవాలి.

అయితే మెయిల్ తప్పుగా రాస్తే నష్టం కూడా అంతే ఉంటుంది. ముందు నా తప్పు చెబుతాను.

నా మొదటి మెయిల్ కథ

మాది వికారాబాద్ జిల్లా. చేవెళ్ల మీదుగా వచ్చి అప్పా జంక్షన్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గచ్చిబౌలి ఎంతో దూరం కాదు. నాకు రెండెకరాల్లో బేనిషాన్ మామిడి ఉంది. మిగతా చెల్కలో కంది వేస్తాను, బోరు కింద కొంచెం నవార వరి పండిస్తాను. అప్పట్లో ఒక ఐటీ కంపెనీ వాళ్లు శుక్రవారం సాయంత్రాలు తమ ఆవరణలో బల్ల వేసుకోనిచ్చేవారు. అక్కడ కందిపప్పు, బియ్యం కొని, "మళ్లీ పంట వస్తే చెప్పండి" అని నా నోట్‌బుక్‌లో పేరు, మెయిల్ అడ్రస్ రాసిచ్చినవాళ్లు 140 మంది.

ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో మామిడి మొదటి కోతకు వచ్చింది. 140 మంది ఏం సరిపోతారులే అనిపించింది. అదే సమయంలో ఒకాయన, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల అడ్రస్‌లు రెండు వేలు ఉన్నాయి, మూడు వేల రూపాయలకు ఇస్తానన్నాడు. కొన్నాను. రాత్రి కూర్చుని మెయిల్ రాశాను. సబ్జెక్ట్ ఇదీ: "ఆరోగ్యమే మహాభాగ్యం – 100% స్వచ్ఛమైన ప్రకృతి ఉత్పత్తులు – భారీ ఆఫర్!!!"

లోపల మొదట రసాయన మందుల మీద ఒక పెద్ద పేరా, తర్వాత నాటు ఆవు గొప్పతనం, తర్వాత 14 రకాల సరుకులు, వాటి ధరలు, తొమ్మిది ఫోటోలు. మామిడి సంగతి అన్నిటికంటే చివర్లో ఒక్క లైను. మధ్యలో ఎవరో ఫార్వర్డ్ చేసిన ముక్క కూడా అతికించాను: "నవార బియ్యం నలభై రోజులు తింటే షుగర్ పూర్తిగా పోతుంది."

అడ్రస్‌లన్నీ అందరికీ కనిపించే డబ్బాలోనే పెట్టాను. కొన్న లిస్టు పైన, నా నోట్‌బుక్ 140 మంది కింద. మొదటి విడత వెళ్లింది. రెండో విడత నొక్కితే జీమెయిల్ ఆపేసింది. ఉచిత ఖాతా నుంచి రోజుకు 500 వరకే పంపగలమని నాకు తెలియదు. మళ్లీ మర్నాడు సాయంత్రానికి గానీ నా సొంత కస్టమర్లకు మెయిల్ పోలేదు. కాయలు అప్పటికే కోసి గడ్డిలో వేసి ఉన్నాయి.

కొన్న లిస్టు నుంచి ఒక్క ఆర్డర్ రాలేదు. "నా అడ్రస్ మీకు ఎవరిచ్చారు?" అని కొందరు అడిగారు. ఒకాయన "నన్ను తీసేయండి" అని అందరికీ జవాబు కొట్టాడు. దాని కింద ఇంకో పది మంది తగులుకున్నారు.

నా నోట్‌బుక్ వాళ్లలో ఒకామె రాసిన జవాబు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. "అండీ, మీ మెయిల్ నాన్నగారికి చదివి వినిపించాను. రెండు రోజులుగా ఆయన షుగర్ మాత్రలు ఆపేశారు. మీ బియ్యం ఎప్పుడు పంపుతారు?"

ఆమె ఫోన్ నంబర్ నోట్‌బుక్‌లో ఉంది కాబట్టి సరిపోయింది. వెంటనే చేశాను. "అమ్మా, ముందు మాత్రలు వేయించండి. డాక్టర్ గారిని అడగకుండా ఏదీ ఆపొద్దు. బియ్యం తిండే గానీ మందు కాదమ్మా" అన్నాను.

"మరి మీరే రాశారు కదండీ" అంది.

నా దగ్గర జవాబు లేదు. పెద్దాయనకు ఏమీ కాలేదు, అది నా అదృష్టం. మామిడిలో సగానికి పైగా మాగిపోయి, చివరికి కమీషన్ ఏజెంటు చెప్పిన రేటుకు ఇచ్చేశాను. ఆ నష్టం మరుసటి ఏడాదికి పూడింది. ఆమె అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది. మన మెయిల్‌ని మనం ప్రకటన అనుకుంటాం. మనల్ని నమ్మినవాళ్లు దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంటారు.

మా అన్న కూతురు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. ఆ మెయిల్ చూపిస్తే, "కాకా, ఇది మెయిలా, పంచాంగమా? ఇంత పొడుగు ఎవరు చదువుతరు? నువ్వేం అమ్ముతున్నవో నాకే సమజ్ కాలె" అంది. అప్పటి నుంచి ఆమె దగ్గర కూర్చుని నేర్చుకున్నవే కింద రాస్తున్నాను.

1. అడిగి తీసుకున్న అడ్రస్‌కే రాయండి

నా తప్పు కొత్తదేమీ కాదు. 1978లో అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ కంపెనీలో మార్కెటింగ్ చేసే గ్యారీ థ్యూర్క్, ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన మెయిల్ పంపాడు. ఎవరూ అడగలేదు. అడ్రస్‌లు ఎక్కువై, వాటి డబ్బాలో పట్టక, మెయిల్ లోపలికే పొంగిపోయాయి. చదివినవాళ్లు మండిపడ్డారు. ప్రపంచంలో మొదటి స్పామ్ మెయిల్‌గా ఇప్పుడు దాన్నే చెబుతారు. నేను చేసింది కూడా అదే పని.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి కూడా మూలం సమ్మతే. ఒకరి అడ్రస్ వాడాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. కాబట్టి లిస్టులు కొనొద్దు. బల్ల దగ్గర నోట్‌బుక్ పెట్టి, పైన ఒక లైను రాయండి: "పంట వచ్చినప్పుడు మెయిల్ రాస్తాం. ఇష్టమైతేనే అడ్రస్ రాయండి." ఆఫీసు మెయిల్ కాకుండా సొంత మెయిల్ అడగండి. ఉద్యోగం మారితే ఆఫీసు అడ్రస్ పోతుంది. పైగా కంపెనీల ఫిల్టర్లు బయటి మెయిల్‌ని ఆపేస్తుంటాయి.

పంపేటప్పుడు ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనబడకూడదు. అందుకు మెయిల్‌లో "బీసీసీ" అనే డబ్బా ఉంటుంది. అడ్రస్‌లు అక్కడ పెట్టాలి. వీడియోలో చూపించాను చూడండి.

2. స్పామ్ బటన్‌కి భయపడండి

కస్టమర్ విసుగొచ్చి "స్పామ్" నొక్కితే అది మన ఖాతా మీద మచ్చ. అట్లాంటివి పెరిగితే మిగతావాళ్లకు పంపే మెయిల్ కూడా స్పామ్ ఫోల్డర్‌లో పడే ప్రమాదం ఉంది. రోజుకు 5,000 పైగా పంపే సంస్థలకు జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి కొత్త నిబంధనలు పెట్టింది. మెయిల్స్ వద్దనుకుంటే ఒక్క నొక్కుతో ఆపుకునే వీలుండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. అంటే వెయ్యికి మూడు. ఆ నిబంధన మన లాంటి చిన్నవాళ్లకు కాదు. కానీ లెక్క వేసుకోండి: నా 140 మందిలో ఒక్కరు నొక్కినా 0.7 శాతం!

అందుకే ప్రతి మెయిల్ చివర "వద్దనుకుంటే 'ఆపండి' అని రాయండి" అని పెట్టండి. రాసినవాళ్ల పేరు ఆ రోజే కొట్టేయండి. వెళ్లిపోయేవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దు. చెప్పి వెళ్లడం మనకే మంచిది.

3. ఒక మెయిల్, ఒక పంట, ఒక పని

14 సరుకులు చెబితే చదివేవాళ్లు "తర్వాత చూద్దాం" అనుకుంటారు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు. మామిడి ఉంటే మామిడి గురించే రాయండి. కందిపప్పుకు ఇంకో నెలలో ఇంకో మెయిల్ రాయండి.

సబ్జెక్ట్ లైన్‌లో మూడు సంగతులు చాలు: ఏ పంట, ఎప్పుడు, చివరి తేదీ. ఫోన్‌లో ఆ లైను మొదటి ముక్కే కనిపిస్తుంది, అందుకని పంట పేరు ముందు రావాలి. ఆశ్చర్యార్థకాలు, "భారీ ఆఫర్" లాంటి మాటలు వద్దు. పంపినవారి పేరు దగ్గర మీ పేరు, ఊరి పేరు ఉండాలి. కస్టమర్‌కి మీ బ్రాండ్ గుర్తుండకపోవచ్చు, "వికారాబాద్ రైతు" అంటే గుర్తొస్తుంది.

ఇంకొకటి. ఐటీ కారిడార్‌లో తెలుగు చదవడం రానివాళ్లు చాలామంది ఉంటారు. తమిళులు, ఒడియా వాళ్లు, హిందీ వాళ్లు. పైన తెలుగు, కింద అదే విషయం చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టండి. మీకు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించండి.

4. నిరూపించలేని మాట రాయొద్దు

ఇది అన్నిటికంటే ముఖ్యం. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులు నయమవుతాయని ప్రకటన ఇవ్వడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం కిందికి వస్తుంది. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ఆహార ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మాత్రలు ఆపేసిన ఆ పెద్దాయన్ని గుర్తుపెట్టుకోండి.

"సేంద్రియ" అనే మాట దగ్గర కూడా జాగ్రత్త. 2017 సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం సేంద్రియం అని అమ్మాలంటే ఎన్‌పీఓపీ గానీ, పీజీఎస్-ఇండియా గానీ సర్టిఫికెట్ ఉండాలి. చిన్న రైతు తన పంటను నేరుగా తినేవాళ్లకు అమ్ముకుంటే దీనికి మినహాయింపు ఉంది. కానీ సర్టిఫికెట్ లేకుండా జైవిక్ భారత్ లోగో పెట్టుకోకూడదు. ఇంటర్నెట్‌లో దొరికింది కదా అని అతికించొద్దు. అట్లాగే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి అమ్మాలంటే వాడకందారుగా నమోదు చేసుకోవాలి. అది చేయించుకునే దాకా నేను "మా చెల్క కంది" అనే రాస్తున్నాను.

మరి ఏం రాయాలి? చేసింది రాయండి. "100% స్వచ్ఛం" అనే మాట ఎవరైనా రాస్తారు. "ఎకరానికి 200 లీటర్ల జీవామృతం, 15 రోజులకోసారి" అనేది చేసినవాడే రాయగలడు. కస్టమర్‌కి జీవామృతం అంటే తెలియదు కాబట్టి ఒక్క లైనులో చెప్పండి: "ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు పొలం మట్టి నీళ్లలో కలిపి పులియబెట్టినది." ఆదివారం తోటకు వచ్చి చూసుకోవచ్చని రాయండి. వచ్చేది పది మందే అయినా, ఆ పిలుపు మిగతావాళ్లకు ధైర్యం ఇస్తుంది.

5. లోపం ముందే చెప్పండి

మన కందిపప్పులో మందు కలపం, కాబట్టి వానాకాలంలో పురుగు పట్టొచ్చు. అది కస్టమర్ చూసి ఫోటో పెట్టే లోపల మనమే చెప్పాలి. "ఎర్రమట్టి కట్టి ఎండబెట్టి పట్టించిన పప్పు ఇది. మందు పెట్టలేదు. వచ్చాక ఒకసారి ఎండలో వేసి, ఆరాక గాలి చొరని డబ్బాలో పోయండి" అని రాస్తే అదే నమ్మకం అవుతుంది. నవార బియ్యం అయితే వండే ముందు కొన్ని గంటలు నానబెట్టాలని రాయండి. లేకపోతే "మీ బియ్యం ఉడకడం లేదు" అని ఫోన్లు వస్తాయి.

6. కోతకు ముందు రాయండి

నా అసలు నష్టం ఇక్కడే జరిగింది. కోసిన తర్వాత మెయిల్ రాశాను. ఇప్పుడు కోతకు ఆరు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం పంపుతాను. సోమవారం పొద్దున పంపితే వాళ్ల ఆఫీసు పనుల వరదలో మునిగిపోతుంది. బుధవారం రాత్రి ఆర్డర్లు ఆపేస్తాను. ఎన్ని పెట్టెలు చెప్పారో లెక్క చూసుకుని, శనివారం అన్నే కాయలు కోస్తాను. మిగతావి చెట్టు మీదే ఉంటాయి, రెండో కోతకు పనికొస్తాయి.

ఇప్పుడు నేను పంపే మెయిల్ ఇది. కావాలంటే మీ వివరాలు మార్చి వాడుకోండి:

సబ్జెక్ట్: బేనిషాన్ మామిడి – శనివారం కోత – బుధవారం లోపు చెప్పండి

"నమస్కారం అండి. ఆఫీసు దగ్గర మీరు కందిపప్పు తీసుకున్న వికారాబాద్ రైతుని నేను.

మా తోటలో బేనిషాన్ కాయ ముదిరింది. ఈ శనివారం మొదటి కోత. కార్బైడ్ గానీ, వేరే ఏ పొడి గానీ పెట్టం. కాయనే గడ్డిలో సర్ది ఇస్తాం. మీ ఇంట్లో ఆరేడు రోజుల్లో మాగుతుంది.

మొన్నటి గాలివానకు కొంత కాయ రాలిపోయింది. అందుకని ఈ కోతలో 120 పెట్టెలే ఉన్నాయి. కొన్ని కాయల తొక్క మీద మచ్చలు ఉంటాయి. లోపల తేడా ఉండదు.

5 కిలోల పెట్టె 600 రూపాయలు. ఆదివారం ఉదయం 8 నుంచి 11 వరకు కొండాపూర్ బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర మా వ్యాన్ ఉంటుంది. డబ్బులు పెట్టె తీసుకున్నాకే ఇవ్వండి.

కావాలంటే ఎన్ని పెట్టెలో ఈ మెయిల్‌కే జవాబు రాయండి. బుధవారం రాత్రి వరకే.

ఇట్లాంటి మెయిల్స్ వద్దనుకుంటే 'ఆపండి' అని రాయండి, మళ్లీ రాయను."

ఇంతే. కింద నా పేరు, ఊరు, ఫోన్ నంబర్, ఒకటే ఫోటో. ఆ ఫోటో కూడా ఆ వారం మా చెట్టు మీద కాయలదే, ఇంటర్నెట్‌లోది కాదు. ఇది పంపిన తర్వాత మచ్చల గురించి ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. ముందే చెప్పాం కదా మరి.

7. లెక్క రాసుకోండి

ఎంతమంది మెయిల్ తెరిచారో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని పూర్తిగా నమ్మలేం. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో గోప్యత సౌకర్యం తెచ్చాక, తెరవని మెయిల్ కూడా తెరిచినట్టు లెక్కలోకి వస్తోంది. మనకు నోట్‌బుక్ చాలు. నాలుగు గడులు గీయండి: ఎంతమందికి పంపాం, ఎంతమంది జవాబు రాశారు, ఎంతమంది వచ్చి తీసుకున్నారు, ఎంతమంది ఆపమన్నారు. మూడు మెయిల్స్ అయ్యేసరికి ఏది పనిచేస్తోందో మీకే తెలుస్తుంది. జవాబు రాసిన ప్రతివాళ్లకూ ఆ రోజే తిరిగి రాయండి, "రెండు పెట్టెలు రాసుకున్నానండి" అని ఒక్క లైను చాలు.

నెలకు ఒకటి, మహా అయితే రెండు మెయిల్స్. పంట లేని నెలలో అమ్మకం లేని మెయిల్ ఒకటి రాస్తాను: వాన పడిందా, కంది మొలిచిందా, పూత ఎట్లా ఉంది అని. నాలుగు వాక్యాలు. దానికి కూడా జవాబులు వస్తాయి. "మా పాప కంది పువ్వు ఎట్లా ఉంటుందో చూపించమంటోంది" అని ఒకరు రాశారు.

చివరగా ఒక మాట. ఆ పెద్దాయన కూతురు ఇప్పటికీ నా లిస్టులో ఉంది. ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్న మర్నాడే, మిగతా 139 మందికీ రెండు లైన్ల మెయిల్ రాశాను: "షుగర్ గురించి నేను రాసింది తప్పు. దయచేసి ఎవరూ మందులు ఆపొద్దు." అది రాయడానికి సిగ్గుపడ్డాను. ఆమె మాత్రం మరుసటి ఏడాది మూడు పెట్టెలు తీసుకుంది. "తప్పు రాశానని ఒప్పుకున్నారు కాబట్టి, మీరు ఒప్పు అని రాసేది కూడా నమ్ముతున్నాం అండీ" అంది.

భూమికి జీవామృతం పోసిన వారంలోనే ఫలితం చూడాలనుకోం కదా. మెయిల్ కూడా అంతే, ఓపిక కావాలి. మీ వచ్చే పంట కోతకు ఆరు రోజుల ముందు, మీరు అడిగి తీసుకున్న పది అడ్రస్‌లతోనే మొదలుపెట్టండి. పది మందికి రాసిన నిజమైన ఉత్తరం, రెండు వేల మందికి పంపిన ప్రకటన కంటే ఎక్కువ కాయలు అమ్ముతుంది. నా తోటలో అదే జరిగింది.